కరెంటు బిల్లు తగ్గాలంటే ఇంట్లో ఆడిట్ ఎలా చేస్కోవాలి, దానికి డబ్బులు ఎలా సర్దుకోవాలి?

ఎనర్జీ ఆడిట్ (ఇంట్లో ఏది ఎంత కరెంటు తింటుందో లెక్క తీయడం) అంటే పేరు పెద్దగా ఉంది గానీ మామూలు ఇంటికైతే ఒక నోటుబుక్కు, ఒక ఆదివారం పూట సరిపోతుంది. బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సర్టిఫికెట్ ఉన్న ఎనర్జీ ఆడిటర్లు ఉంటారు కానీ వాళ్ళ పని ఎక్కువగా ఫ్యాక్టరీల్లో, పెద్ద బిల్డింగుల్లో. డబుల్ బెడ్రూం ఫ్లాట్‌కి వాళ్ళని పిలవక్కర్లేదు, మీటరే మీకు అంతా చెప్తుంది.

ముందు పాత బిల్లులు తీయండి

డిస్కం (మీకు కరెంటు ఇచ్చే కంపెనీ) యాప్‌లో పాత బిల్లులు ఉంటాయి, ఏడాదివి చూసి నెలనెలా యూనిట్లు రాస్కోండి. రూపాయలు కాదు, యూనిట్లు. ఎందుకంటే అసలు ఆటంతా స్లాబుల్లోనే ఉంది, అంటే ఇన్ని యూనిట్ల దాకా ఇంత రేటు అని పెట్టిన మెట్లలో. తెలంగాణలో 2022 నుంచి ఉన్న రేట్ల ప్రకారం 200 యూనిట్లకి ఎనర్జీ చార్జీ (వాడిన యూనిట్ల మీద పడేది) 820 రూపాయలు, అదే 201 అయితే మొదటి యూనిట్ నుంచి 200 దాకా 5.10 చొప్పున, ఆ పైన 7.70 చొప్పున లెక్కేస్తారు కాబట్టి 1,028 దాకా పోతుంది, అంటే ఒక్క యూనిట్ ఎక్కువైనందుకు రెండొందలు పైన. గృహజ్యోతి (తెలంగాణలో 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్ళకైతే ఇంకా ఘోరం, 200 దాటితే జీరో బిల్లు పోయి మొత్తం కట్టాల్సిందే. ఏపీలో ఇలాంటి గెంతు లేదు, దాటిన యూనిట్లకే పై రేటు పడుతుంది, కానీ ఆ పై రేటు గట్టిగానే ఉంటుంది: 225 దాటాక 8.75, 400 దాటాక 9.75.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మీరు ఏ గీతకి ఎంత దూరంలో ఉన్నారో. 250 వాడేవాళ్ళు 190కి దిగితే వచ్చే లాభం, 390 వాడేవాళ్ళు 330కి దిగితే వచ్చే లాభం ఒకటి కాదు, తగ్గిన యూనిట్లు రెండింట్లోనూ అరవయ్యే అయినా సరే.

తర్వాత మీటర్ దగ్గర నిలబడండి

డిజిటల్ మీటర్ మీద ఎర్ర లైటు ఒకటి టక్ టక్ మని కొడుతుంటుంది కదా, దాని పక్కనే యూనిట్‌కి ఎన్ని పల్సులో రాసుంటుంది, చాలావాటి మీద 3200 ఉంటుంది, కొన్నింటి మీద 1600. ఇంట్లో అన్నీ ఆపేసి (ఇన్వర్టర్ చార్జింగ్ కూడా, దాన్నే అందరూ మర్చిపోతారు) ఒక్క ఫ్యాన్ మాత్రం ఫుల్ స్పీడులో వేసి నిమిషానికి ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. 3200 మీటర్ మీద నాలుగుసార్లు వెలిగితే గంటకి 240, దాన్ని 3200తో భాగిస్తే 0.075 యూనిట్, అంటే 75 వాట్లు (వెయ్యి వాట్లు గంటసేపు నడిస్తే ఒక యూనిట్). మామూలు పాత ఫ్యాన్ సరిగ్గా ఇంతే తింటుంది. ఫ్రిజ్, మోటార్, టీవీ అన్నిటికీ ఇలాగే చేయొచ్చు, అయితే ఫ్రిజ్ కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి దాన్ని నిమిషంలో తేల్చేయకండి, రాత్రి పడుకునేముందు రీడింగు, పొద్దున్నే రీడింగు చూస్కోవడం మేలు.

ఇదే టైంలో ఇంకోటి కూడా చూడండి. మెయిన్ దించేశాక కూడా లైటు కొడుతుంటే మీటర్‌కీ మీ మెయిన్‌కీ మధ్యలో ఏదో ఉన్నట్టు, లీకేజీయో లేక వేరేవాళ్ళ వైరో. మీరు చెయ్యి పెట్టకండి, డిస్కం వాళ్ళకి కంప్లయింట్ ఇవ్వండి. మెయిన్ ఉంచి స్విచ్చులన్నీ ఆపినప్పుడు మాత్రమే కొడుతుంటే సెట్‌టాప్ బాక్సు, వైఫై, ప్లగ్గుల్లో వదిలేసిన చార్జర్లు, లేదా ఇంట్లో వైరింగులో తేడా. ఇలా వాడకపోయినా తినే స్టాండ్‌బై కరెంటు తక్కువే అనిపిస్తుంది కానీ రోజంతా 24 గంటలు నడిచే పది వాట్లు నెలకి ఏడు యూనిట్లు.

పైసా ఖర్చు లేనివి, కొద్ది ఖర్చుతో అయ్యేవి

ఏసీ 26లో పెట్టి ఫ్యాన్ వేస్కోండి. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించేలా రూల్ పెట్టారు, అక్కణ్ణుంచి మనమే 18కి దించేస్తుంటాం. ఫిల్టర్ కడగండి. ఫ్రిజ్ డోర్ మధ్యలో కాయితం పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే గ్యాస్కెట్ (డోర్ చుట్టూ ఉండే రబ్బరు) పోయినట్టే, మార్పిస్తే చాలు, ఫ్రిజ్ మార్చక్కర్లేదు. గీజర్ రెండు కిలోవాట్లు, అంటే అరగంట మర్చిపోతే ఒక యూనిట్. పై అంతస్తు వాళ్ళైతే డాబా మీద తెల్ల కూల్‌రూఫ్ పెయింటో, మన పాత పద్ధతిలో సున్నమో వేయిస్తే కొద్ది ఖర్చుతోనే ఏసీ మీద భారం తగ్గుతుంది, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్‌రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

కొనేవాటిలో ముందు ఫ్యాన్లు

షోరూముకి వెళ్తే ముందు ఏసీ దగ్గరికే తీసుకెళ్తారు, మీరు మాత్రం ఫ్యాన్ల దగ్గర ఆగండి. బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటార్) ఫ్యాన్ 30 వాట్లు అటూఇటూగా తింటుంది, పాతదాని మీద 45 మిగులు. రోజుకి 15 గంటలు తిరిగే ఫ్యాన్ అయితే నెలకి ఇరవై యూనిట్లు, మూడు ఫ్యాన్లకి అరవై. పైన చెప్పిన 250 నుంచి 190 ఇదే! తెలంగాణ రేట్లలో 1,405 కాస్తా 772 అవుతుంది, నెలకి 633 మిగులు. ఫ్యాన్ మూడు వేలు అనుకుంటే మూడింటికి తొమ్మిది వేలు, పదిహేను నెలల్లో డబ్బు తిరిగొచ్చేస్తుంది. గెస్ట్ రూములో ఎప్పుడో తిరిగే ఫ్యాన్ మార్చడం మాత్రం దండగ.

ఏసీ మార్చాలంటే స్టార్లు ఒక్కటే చూడకండి, లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసుంటుంది, అది 1600 గంటలకి లెక్క. మీరు ఎండాకాలం మూడు నెలలు రాత్రిళ్ళు మాత్రమే వేస్తే అందులో సగం కూడా రాదు, అప్పుడు ఫైవ్ స్టార్‌కి ఎక్కువ పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది.

డబ్బులు

ఫ్యాన్లకి, ఎల్ఈడీలకి లోన్ వద్దు, నెలకొకటి కొనుక్కుంటే పోతుంది. ఏసీ, ఫ్రిజ్‌లకి నో కాస్ట్ ఈఎంఐ అంటారు చూశారా, అందులో ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ మీకే పడతాయి, పైగా ఒకేసారి కడితే ఇచ్చే డిస్కౌంట్ పోవచ్చు. కాబట్టి షాపులో రెండు ధరలూ అడగండి, ఒకేసారి కడితే ఎంత, ఈఎంఐకి మొత్తం ఎంత అని. తేడాయే మీ అసలు వడ్డీ.

సోలార్‌కి మాత్రం లోన్ ఆలోచించొచ్చు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్‌లో (ఇళ్ళ డాబాల మీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే పథకం) కిలోవాట్‌కి 30 వేల చొప్పున రెండు కిలోవాట్లకి 60 వేలు, మూడు గానీ ఆపైన గానీ పెట్టిస్తే 78 వేలు సబ్సిడీ. మూడు కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా బ్యాంకులు తక్కువ వడ్డీకి ఇస్తాయి, కేంద్రం నడిపే జన్ సమర్థ్ లోన్ పోర్టల్‌లో అప్లై చేస్కోవచ్చు. సబ్సిడీ తీసేశాక లక్షా ఇరవై వేలు అప్పు మిగిలిందనుకోండి, 7 శాతం మీద ఐదేళ్ళకి ఈఎంఐ 2,376. మూడు కిలోవాట్లు నెలకి మూడొందల యూనిట్ల పైనే ఇస్తాయి కాబట్టి 400 యూనిట్లు కాల్చేవాళ్ళకి బిల్లు కట్టే డబ్బే దాదాపు ఈఎంఐకి సరిపోతుంది. 150 కాల్చేవాళ్ళకి కాదు, వెండర్ ఎంత చెప్పినా వినకండి.

ఫ్యాన్లు మార్చాకే సోలార్ సైజు తేల్చుకోండి, మూడు అనుకున్నది రెండుతో సరిపోవచ్చు. సబ్సిడీ ప్యానెళ్ళు బిగించి, నెట్ మీటర్ (మీరు వాడిన కరెంటు, బయటికి పంపిన కరెంటు రెండూ లెక్కేసేది) పెట్టి, ఇన్‌స్పెక్షన్ అయ్యాక అకౌంట్లో పడుతుంది, కాబట్టి ముందే వెండర్‌తో ఎవరు ఎంత ఎప్పుడు కట్టాలో రాయించుకోండి. కరెంటు మీటర్ ఇంకా నాన్నగారి పేరునో, పాత ఓనర్ పేరునో ఉంటే అప్లై చేసేముందే పేరు మార్పించండి, లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకి డాబా లేదు, సోలార్ లేదు, కానీ ఫ్యాన్లు మీవే కొనుక్కుని ఓనర్ ఫ్యాన్లు అటక మీద పెట్టేయండి, ఖాళీ చేసేటప్పుడు అవి తిరిగి బిగించి మీవి పట్టుకెళ్ళిపోవచ్చు.