ఓబోన్ పండగకి వెళ్తే ఊరికే తిని వచ్చేయకండి, ఒక షిఫ్ట్ చెయ్యండి

కాలిఫోర్నియా బే ఏరియాలో ఉండే మనవాళ్ళు చాలామంది జులైలో శాన్ హోసే జపాన్ టౌన్ లో ఓబోన్ పండగ అని వెళ్తారు, టెరియాకి చికెన్ తింటారు, నాలుగు ఫోటోలు దిగి వచ్చేస్తారు. నేనూ మొదట్లో అంతే, కానీ ఒకసారి వంట దగ్గర వాలంటీర్ గా షిఫ్ట్ చేశాక ఇంక ఊరికే తిని రావడానికి మనసు ఒప్పట్లేదు. అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు ఇదేం పండగో తెలుసుకుని వెళ్ళండి. ఇది జపాన్ బౌద్ధులు పోయిన పెద్దల్ని తలుచుకునే పండగ. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు, చనిపోయిన తల్లి ప్రేతలోకంలో ఆకలితో అల్లాడుతుంటే చూసి, బుద్ధుడు చెప్పినట్టు భిక్షువులకి అన్నం పెట్టాడట, తల్లికి విముక్తి దొరికిందట, ఆ సంతోషం పట్టలేక డాన్స్ చేశాడట, బోన్ ఓదోరి అనే డాన్స్ అలా పుట్టిందని చెప్తారు. ఓబోన్ అన్న పేరు కూడా మన సంస్కృతంలోని ఉల్లంబన అన్న మాట నుంచి వచ్చిందని చెప్తారు. జరిపేది అక్కడి బౌద్ధ గుడి, ఆ గుడి 1902లో మొదలైంది. 1942లో అమెరికా ప్రభుత్వం అక్కడి జపనీస్ కుటుంబాలన్నిటినీ నిర్బంధ క్యాంపులకి తరలించినప్పుడు ఈ వీధులన్నీ ఖాళీ అయిపోయాయి, ఆ క్యాంపుల్లో కూడా వాళ్ళు ఈ డాన్స్ మానలేదు. అది తెలిశాక ఆ వీధిలో నడుస్తుంటే వేరేగా ఉంటుంది.

వాలంటీర్ విషయానికొస్తే, పండగ వారం దాకా ఆగకుండా జూన్ లోనే గుడి వాళ్ళని అడిగేయండి. గుడి సభ్యులు కాకపోయినా ఏం పర్లేదు, పనికి చేతులు ఎప్పుడూ కావాలి. వేళ్ళు కనపడని షూస్ వేసుకోండి, జుట్టు ముడేసుకోండి, ఉంగరాలు తీసేయండి. మొదటిసారి అయితే చికెన్ గ్రిల్ దగ్గరికి పోకండి, జులై ఎండ ఒకపక్క బొగ్గుల సెగ ఒకపక్క, అలవాటు లేకపోతే గంటలో కళ్ళు తిరుగుతాయి. సుషీ చుట్టే చోట అడగండి, అక్కడ డెబ్భై ఎనభై ఏళ్ళ పెద్దావిడలు ఉంటారు, చెయ్యి పట్టుకుని నేర్పిస్తారు. అన్నం చేతికి అంటకుండా వెనిగర్ కలిపిన నీళ్ళలో వేళ్ళు తడుపుకోవాలి, గట్టిగా నొక్కకూడదు, మనం ముద్ద కలిపినట్టు అస్సలు పిసక్కూడదు. ఇంకోటి, వాళ్ళలో చాలామంది ఇక్కడే పుట్టిన మూడో తరం నాలుగో తరం వాళ్ళు, యూట్యూబ్ లో నేర్చుకున్న జపనీస్ వాళ్ళ మీద ప్రయోగించకండి, మామూలుగా మాట్లాడండి చాలు.

తిండి సంగతి. ఇమగావాయాకి తప్పకుండా తినండి. గుంతల పెనంలో పిండి పోసి మధ్యలో తియ్యటి ఎర్ర బీన్స్ ముద్ద పెట్టి రెండు సగాలూ అతికిస్తారు, మన పూర్ణం బూరె గుర్తొస్తుంది, నూనెలో వేయించరు అంతే తేడా. లైన్ చాలా పెద్దగా ఉంటుంది, అందుకే వెళ్ళగానే ముందు అక్కడ నిలబడండి. వెజిటేరియన్ వాళ్ళు జాగ్రత్త, ఉడాన్ అనే లావు నూడుల్స్ సూప్ మామూలుగా ఎండు చేపతో తీసిన రసంతో చేస్తారు, ఇనారి సుషీ (టోఫు సంచిలో అన్నం కూరింది) చూడ్డానికి శుద్ధ శాకాహారంలా ఉంటుంది కానీ ఆ టోఫు సంచిని కూడా ఆ రసంలోనే ఉడికించి ఉండొచ్చు, ఇమగావాయాకి పిండిలో గుడ్డు ఉంటుంది. మొహమాటం లేకుండా అడగండి. మొక్కజొన్న కండె, కీరా సుషీ, ఐస్ గోలా లాంటివి దొరికితే మీకు పర్లేదు. చాప్ స్టిక్స్ ని అన్నంలో నిలువుగా గుచ్చకండి, అది వాళ్ళకి చావుకి సంబంధించిన పద్ధతి, పిల్లలకి కూడా ముందే చెప్పి తీసుకెళ్ళండి.

సాయంత్రం డాన్స్ కి ఉండిపోండి ప్లీజ్. మధ్యలో ఎత్తుగా వేదిక కడతారు, దాన్ని యాగురా అంటారు, చుట్టూ వందలమంది తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే నాకైతే బతుకమ్మే. ముందు కొన్ని వారాలు ప్రాక్టీసులు పెడతారు, ఎవరైనా వెళ్ళొచ్చు. ఒక్కటే నేర్చుకునే టైం ఉంటే టాంకో బుషి నేర్చుకోండి, బొగ్గు గని పనివాళ్ళ పాట, తవ్వడం, భుజం మీదుగా విసరడం, చెయ్యి అడ్డం పెట్టి చూడ్డం, బండి తొయ్యడం, అన్నీ పని కదలికలే కాబట్టి రెండు రౌండ్లలో వచ్చేస్తుంది. యుకాతా (పల్చటి వేసవి కిమోనో) వేసుకుంటే ఎడమ వైపు అంచు పైకి రావాలి, కుడిది పైకొస్తే శవానికి కట్టినట్టు, ఎవరో ఒక ఆంటీ వచ్చి సరిచేస్తారు లెండి.

కారు కంటే లైట్ రైల్ లో రండి, జపాన్ టౌన్ స్టేషన్ లో దిగితే నడిచే దూరమే. ఆదివారం రాత్రి అందరూ వెళ్ళిపోయాక టెంట్లు విప్పడానికి, కుర్చీలు మడిచి పెట్టడానికి మనుషులు చాలరు, ఇంకో గంట ఉండగలిగితే ఉండండి.