కిక్కిరిసిన తరగతి గది గురించి అర్జీ పెట్టడం ఎలా

ప్రభుత్వ పాఠశాలలో గది కిక్కిరిసి ఉందన్న సంగతి లోపల అడుగుపెట్టిన ఎవరికైనా తెలుస్తుంది. కానీ పోస్టులూ నిధులూ మంజూరు చేసే అధికారి బల్ల మీదికి ఆ గది వెళ్లదు, ఒక అంకె మాత్రమే వెళ్తుంది. అది చాలాసార్లు సగటు అంకె. తల్లిదండ్రుల తరఫున నేను రాసిన మొదటి అర్జీలో పిల్లల ఇబ్బందిని రెండు పేజీల నిండా వర్ణించాను. మీ బడిలో 30 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉన్నందున నిబంధన పాటించినట్లేనని ఒకే వాక్యంలో జవాబు వచ్చింది. అందుకే, కలం పట్టడానికి ముందు లెక్క పట్టండి.

విద్యార్థి–ఉపాధ్యాయ నిష్పత్తి వేరు, ఒక గదిలో నిజంగా కూర్చునే పిల్లల సంఖ్య వేరు. 300 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు ఉన్న బడిలో నిష్పత్తి 30. ఆ పదిమందిలో ప్రధానోపాధ్యాయులు కార్యాలయ పనిలో, ఒకరు దీర్ఘకాల సెలవులో ఉండి, మరో ఇద్దరు వ్యాయామం, చిత్రలేఖనం మాత్రమే చెప్పేవారైతే, రోజువారీ పాఠాలకు మిగిలేది ఆరుగురు, అంటే గదికి 50 మంది. ఈ తేడాయే మీ అర్జీకి ప్రాణం. రెండు వారాల పాటు రోజూ ఒకే పీరియడ్‌లో ప్రతి గదిలోనూ ఎంతమంది ఉన్నారో, పాఠం ఎవరు చెబుతున్నారో ప్రధానోపాధ్యాయుల అనుమతితో రాసి పెట్టుకోండి. హాజరు పట్టీలోని సంఖ్యను కూడా పక్కనే రాయాలి, ఎందుకంటే కూర్చోవడానికి చోటు లేని గదికి పిల్లలు రావడం మానేస్తారు, అప్పుడు వచ్చినవారిని మాత్రమే లెక్కపెడితే రద్దీ తక్కువగా కనిపిస్తుంది.

తర్వాత టేపు తీసుకుని గదిని కొలవండి. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న గదిలో 60 మంది ఉంటే, ఉపాధ్యాయుల బల్లనూ నడిచే దారినీ కలుపుకుని కూడా ఒక్కొక్కరికి వచ్చేది 0.8 చదరపు మీటరు. ఆ పైన వెనక బెంచీ చివర కాసేపు కూర్చుని చూడండి. ముగ్గురి బెంచీ మీద ఐదుగురు సర్దుకున్నప్పుడు చివరి పిల్లవాడు ఒక కాలు నడవలో పెట్టి, నోటు పుస్తకాన్ని మోకాలి మీద ఆనించి రాస్తుంటాడు. బోర్డు మీది అక్షరం కోసం ముందువాడి భుజం మీదుగా మెడ చాపుతాడు. ఈ ఒక్క దృశ్యాన్ని అర్జీలో రెండు వాక్యాల్లో రాయండి. అంతకు మించిన వర్ణన అక్కర్లేదు.

కాలం లెక్క కూడా బలమైనదే. 40 నిమిషాల పీరియడ్‌ను 60 మందికి పంచితే తలకు 40 సెకన్లు. ఒక్కో నోటు పుస్తకం దిద్దడానికి మూడు నిమిషాలు పట్టినా ఒక్క తరగతికే మూడు గంటలు కావాలి. పుస్తకాలు దిద్దకుండా మిగలడానికి ఉపాధ్యాయుల బద్ధకం కారణం కాదని ఈ లెక్కే చెబుతుంది, కాబట్టి దీన్ని వారితో కలిసి తయారు చేయండి. ఉపాధ్యాయులను తప్పుపట్టే అర్జీ వారి మద్దతునూ పోగొట్టుకుంటుంది, అసలు విషయాన్నీ పక్కదారి పట్టిస్తుంది.

నిధుల సంగతికి వస్తే, నాలుగు అంకెలు విడివిడిగా అడగండి: మంజూరైనవి, విడుదలైనవి, ఏ తేదీన విడుదలయ్యాయి, ఎంత ఖర్చయింది. మంజూరు ఘనంగా కనిపించినా డబ్బు ఆర్థిక సంవత్సరం చివరి వారాల్లో వస్తే, గది కట్టే వ్యవధి లేక వెనక్కి పోతుంది. పోస్టుల విషయంలోనూ అంతే. మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని అని వేరుగా చూడాలి. విద్యకు స్థూల దేశీయోత్పత్తిలో 4 నుంచి 6 శాతం, లేదా ప్రభుత్వ వ్యయంలో 15 నుంచి 20 శాతం కేటాయించాలని 2015లో దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో జరిగిన ప్రపంచ విద్యా సదస్సు ప్రకటన దేశాలను కోరింది. చట్టసభ సభ్యులకు రాసేటప్పుడు ఇది పనికొస్తుంది, స్థానిక అధికారికి రాసేటప్పుడు ఖాళీ పోస్టు వివరమే ముఖ్యం.

ఏమి అడగాలన్నది జాగ్రత్తగా తేల్చుకోండి. అమెరికాలోని టెన్నెసీలో 1985లో మొదలైన స్టార్ అనే తరగతి పరిమాణ ప్రయోగంలో పిల్లలను లాటరీ పద్ధతిలో వేర్వేరు తరగతులకు పంచారు. 13 నుంచి 17 మంది ఉన్న చిన్న తరగతుల పిల్లలు చదవడంలోనూ గణితంలోనూ ముందంజ వేశారు. మామూలు తరగతికి ఒక సహాయకుణ్ణి చేర్చినచోట మాత్రం పెద్దగా తేడా రాలేదు. అందువల్ల సహాయకుణ్ణి ఇస్తామంటే కాదనకండి గానీ, కిక్కిరిసిన తరగతిని రెండు సెక్షన్లుగా విడదీయాలన్న కోరికను వదలకండి. కాలిఫోర్నియా 1996లో ప్రాథమిక స్థాయిలోని తొలి తరగతులను హడావుడిగా 20 మందికి తగ్గించబోయి శిక్షణ పొందిన ఉపాధ్యాయులూ గదులూ దొరకక ఇబ్బంది పడింది. కాబట్టి కొత్త సెక్షన్‌తో పాటు దానికి అర్హత గల ఉపాధ్యాయుణ్ణీ గదినీ ఒకే అర్జీలో, ఫలానా తేదీలోగా అని అడగాలి. అర్జీ ఒక పేజీ దాటకూడదు, లెక్కల పట్టిక జతచేయాలి, అందినట్లు రసీదు తీసుకోవాలి, నెల తర్వాత ఆ రసీదు సంఖ్యతోనే గుర్తు చేయాలి.

మంజూరు వచ్చాక కూడా మరో రెండు వారాలు గదుల్లో లెక్క పట్టండి. కాగితం మీద రెండు సెక్షన్లుగా విడిపోయిన పిల్లలను, కొత్త ఉపాధ్యాయులు రాలేదనో వేరే పనికి పంపారనో, మళ్లీ ఒకే గదిలో కూర్చోబెట్టడం నేను చూశాను. అలా జరిగితే పాత పట్టిక కిందే కొత్త అంకెలు చేర్చి రెండో అర్జీ పెట్టండి.