గ్రహణం ప్రతి నెలా ఎందుకు రాదు? ఒక బల్బు, ఒక బంతితో చేసి చూడండి

సూర్యుడికీ భూమికీ మధ్య చంద్రుడొస్తే సూర్యగ్రహణం, సూర్యుడికీ చంద్రుడికీ మధ్య భూమి వస్తే చంద్రగ్రహణం. ఇది పుస్తకంలో ఉంటుంది, పరీక్షలో రాస్తాం, మార్కులూ పడతాయి. కానీ చంద్రుడు ప్రతి అమావాస్యకీ సూర్యుడి వైపే ఉంటాడు కదా, మరి ప్రతి అమావాస్యకీ గ్రహణం ఎందుకు రాదు అని అడిగితే చాలామంది ఆగిపోతారు. అసలు సంగతంతా అందులోనే ఉంది.

రాత్రిపూట గదిలో లైట్లన్నీ ఆపేసి, మీ తల ఎత్తులో ఒక చిన్న బల్బు వెలిగించండి. అది సూర్యుడు. టేబుల్ టెన్నిస్ బంతిని ఒక పుల్లకి టేపుతో అంటిస్తే చంద్రుడు. మీ తలే భూమి.

బల్బుకి ఎదురుగా ఒకటిన్నర మీటరు దూరంలో నిలబడి, చెయ్యి చాపి, ఒక కన్ను మూసుకుని, బంతిని బల్బుకి అడ్డంగా తీసుకురండి. అదే సూర్యగ్రహణం. పక్కనున్న వాళ్ళని మీ ముఖం చూడమనండి, బంతి నీడ ఒక కంటి చుట్టూనే పడి మిగతా ముఖమంతా వెలుగులో ఉంటుంది. సంపూర్ణ సూర్యగ్రహణం అన్ని ఊళ్ళవాళ్ళకీ కనిపించకపోవడానికి కారణం ఇదే. 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ దగ్గర సూర్యుడు పూర్తిగా మూసుకుపోతే, అదే రోజు మద్రాసులో పాక్షికంగానే కనిపించాడు. ఇంకో విశేషం, సూర్యుడి వ్యాసం చంద్రుడికి దాదాపు 400 రెట్లు, దూరం కూడా దాదాపు 400 రెట్లే, అందుకే అంత చిన్న చంద్రుడు అంత పెద్ద సూర్యుణ్ణి సరిగ్గా కప్పగలుగుతున్నాడు. చంద్రుడు కాస్త దూరంగా ఉన్న రోజున పూర్తిగా కప్పలేక చుట్టూ ఉంగరంలా వెలుగు మిగిలిపోతుంది.

ఇప్పుడు బంతి పట్టుకుని మెల్లగా ఎడమవైపు తిరిగి, బల్బుకి వీపు పెట్టండి. మీ తల నీడ బంతిని మింగేస్తుంది, అది చంద్రగ్రహణం. అప్పుడు రాత్రిగా ఉండి, ఆకాశంలో చంద్రుడున్న ప్రతి చోటా ఇది కనిపిస్తుంది. నిజం చంద్రుడు మాత్రం నల్లబడిపోడు, ఎర్రబడతాడు. సూర్యకాంతి మన గాలి పొరలోంచి వంగి వెళ్ళేటప్పుడు నీలం చెదిరిపోయి ఎరుపే ఎక్కువగా అక్కడికి చేరుతుంది. 2025 సెప్టెంబర్ 7 రాత్రి 82 నిమిషాల పాటు అలాగే ఉన్నాడు.

ఒక్క చుట్టులోనే రెండు గ్రహణాలూ వచ్చేశాయి కదా! ఎందుకంటే మనం దూరాలు బాగా తగ్గించేశాం. ఆ బంతే చంద్రుడైతే భూమి 15 సెంటీమీటర్ల బంతి అవుతుంది, రెండింటి మధ్య దూరం నాలుగున్నర మీటర్లు. టేపు పెట్టి కొలిచి హాల్లో ఆ చివరొకటి, ఈ చివరొకటి పెట్టండి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తలంతో పోలిస్తే చంద్రుడి దారి సుమారు 5 డిగ్రీలు వాలుగా ఉంది, అంటే ఈ లెక్కలో బంతి 40 సెంటీమీటర్ల వరకు పైకో కిందికో వెళ్ళిపోతుంది. అంత దూరంలో భూమి నీడ వెడల్పు 11 సెంటీమీటర్లే! అందుకే చాలా పున్నములకి చంద్రుడు నీడకి పైనుంచో కిందనుంచో తప్పించుకుపోతాడు, అమావాస్యకి చంద్రుడి నీడ కూడా అలాగే భూమిని తప్పుతుంది. ఈ వాలు దారి ఆ తలాన్ని రెండు చోట్ల దాటుతుంది, అమావాస్యో పున్నమో ఆ చోట్ల దగ్గర పడితేనే గ్రహణం. మన ఖగోళ గణితంలో ఆ రెండు బిందువుల పేర్లే రాహువు, కేతువు.

రోకలి గ్రహణం రోజునే నిలబడుతుందని ఎవరైనా అంటే, మర్నాడు కూడా నిలబెట్టి చూడండి.

చంద్రగ్రహణాన్ని నేరుగా చూడొచ్చు. సూర్యుణ్ణి మాత్రం ఎక్స్‌రే ఫిల్మ్‌తో, కూలింగ్ గ్లాసెస్‌తో, పళ్లెంలో పసుపు నీళ్ళతో అస్సలు చూడకండి, కన్ను కాలిపోతున్నా నొప్పి తెలియదు. అట్టముక్కకి గుండుసూదితో చిల్లు పెట్టి, సూర్యుడి వైపు వీపు పెట్టి, చిల్లులోంచి నేల మీద పడే బొమ్మ చూడండి. 2027 ఆగస్టు 2 సాయంత్రం మన దేశంలో చాలా చోట్ల పాక్షిక సూర్యగ్రహణం ఉంది, ఈలోపు మామూలు ఎండలోనే ఆ అట్టతో అలవాటు చేసుకోండి.