స్పెల్ ఒక్కటి వేయగానే కుట్ర కథ కూలిపోతోందా? సమస్య - పరిష్కారం

ఇక్కడి లెక్కలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, పాత్రలుగా కథ నడిపించే ఆట) ఐదో ఎడిషన్, 2014 నియమాల ప్రకారం. స్పెల్ అంటే ఆ ఆటలో పాత్రలు చేసే మంత్రశక్తి ప్రయోగం. 2024 పుస్తకంలో కొన్ని స్పెల్స్ మారాయి కాబట్టి, మీ టేబుల్ దగ్గర ఏది నడుస్తోందో ముందే తేల్చుకోండి.

కుట్ర కథల్లో వచ్చే తిప్పలకు చాలావరకు మూలం ఒక్కటే. డీఎం, అంటే ఆట నడిపేవారు, స్పెల్ పేరు చూసి తీర్పు చెప్పేస్తారు, కింద ఉన్న షరతులు చదవరు. గుట్టు నిలిచేదీ బయటపడేదీ ఆ షరతుల దగ్గరే.

సమస్య: ఎవరికీ తెలియకుండా దర్బారు మధ్యలో స్పెల్స్ వేసేస్తున్నారు

ముందు దీన్ని సరిచేయండి, మిగతావాటిలో సగం వాటంతటవే సర్దుకుంటాయి. స్పెల్ వేయాలంటే వర్బల్, సొమాటిక్, మెటీరియల్ అనే మూడింట్లో ఆ స్పెల్‌కు రాసినవన్నీ ఉండాలి. వర్బల్ అంటే నిర్దిష్టమైన స్థాయిలో, నాదంతో పలికే మంత్రం. నోట్లో గొణుక్కుంటే సరిపోదు. సొమాటిక్ అంటే చేతి ముద్ర. మెటీరియల్ అంటే చేతిలో ఉండాల్సిన వస్తువు. రాజు ఎదుట ఎవరైనా మంత్రం చదివి చెయ్యి తిప్పితే, అది ఏ స్పెల్లో తెలియకపోయినా ఏదో వేస్తున్నారని కాపలావాళ్లకు తెలుస్తుంది.

ఏ స్పెల్లో గుర్తుపట్టడానికి 2017లో వచ్చిన అదనపు నియమాల్లో ఒక పద్ధతి ఉంది: రియాక్షన్ (ఎదుటివారి చర్యకు వెంటనే చేసే స్పందన) వాడి ఇంటెలిజెన్స్ (ఆర్కానా) చెక్, అంటే పాచిక మీద పడినదానికి పాత్ర నైపుణ్యం కలిపే పరీక్ష. అందుకోవాల్సిన అంకెను డీసీ అంటారు, ఇక్కడ అది 15కు స్పెల్ లెవెల్ కలిపితే వచ్చేది. రెండో లెవెల్ స్పెల్‌కు 17. ఆస్థాన మాంత్రికుడికి +7 ఉంటే పాచిక మీద 10 పడితే చాలు.

సోర్సెరర్‌కు (పుట్టుకతో మంత్రశక్తి ఉన్న పాత్ర) సటిల్ స్పెల్ అనే సామర్థ్యం ఉంటే లెక్క వేరు. ఒక సోర్సరీ పాయింట్ ఖర్చుతో మంత్రం, ముద్ర రెండూ పోతాయి. అతను ఆ సామర్థ్యాన్ని ఎంచుకున్నదే ఇందుకు, కాబట్టి దాన్ని మనస్ఫూర్తిగా పనిచేయనివ్వండి. అందరికీ ఉచితంగా ఇచ్చేస్తే అతని ఎంపిక వృథా అవుతుంది. అయితే 2014 నియమాల్లో మెటీరియల్ మాత్రం పోదు: మనసు చదివే డిటెక్ట్ థాట్స్‌కు రాగి నాణెమో, దాని బదులు మంత్రదండం లాంటి ఆర్కేన్ ఫోకసో చేతిలో ఉండాల్సిందే.

సమస్య: జోన్ ఆఫ్ ట్రూత్ వేశారు, హంతకుడు వెంటనే ఒప్పేసుకున్నాడు

కారణం: "అబద్ధం చెప్పలేడు" అన్నదాన్ని "నిజం చెప్పి తీరాలి" అని చదివారు. ఆ స్పెల్ 15 అడుగుల వ్యాసార్థంలో 10 నిమిషాలు ఉంటుంది. కరిస్మా సేవ్ (స్పెల్ ప్రభావాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) తప్పినవారు తెలిసి అబద్ధం చెప్పలేరు, అంతే. స్పెల్ తన మీద ఉందని వారికి తెలుసు. మౌనంగా ఉండొచ్చు, మాట దాటేయొచ్చు.

ఇంకో పొరపాటు, విలన్‌ను సేవ్ కాపాడుతుందని నమ్ముకోవడం. లోపల ఉన్నంతసేపు ప్రతి టర్ను (తన వంతు) మొదట్లో సేవ్ వేయాలి. నెగ్గిందో తప్పిందో స్పెల్ వేసినవారికి తెలుస్తుంది కూడా. విజ్డమ్ 18 ఉన్న ఐదో లెవెల్ క్లెరిక్ (దైవశక్తితో స్పెల్స్ వేసే పాత్ర) డీసీ 15. విలన్ కరిస్మా సేవ్ +4 అయితే ప్రతిసారీ సగం అవకాశం. వరసగా ఐదు టర్నులు నెగ్గడం 32లో ఒక వంతు. కథలో గడిచే కాలంలో ఆ ఐదు టర్నులూ అర నిమిషం మాత్రమే.

పరిష్కారం: విలన్‌ను పాచికకు వదిలేయకుండా, సెషన్‌కు ముందే అతని నోటికి నాలుగు నిజాలు రాసిపెట్టండి. నౌకరు చేత రాజుకు విషం పెట్టించిన కోశాధికారి ఉన్నాడనుకుందాం.

"రాజును నువ్వే చంపావా?"
"ఆ రాత్రి నేను ఆయన గది గడప తొక్కలేదు."
"విషం గురించి నీకేం తెలుసు?"
"వైద్యుడు చెప్పాకే కదా అందరం ఆ మాట విన్నది! సభలో ఆయన చెప్పినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను."

రెండో జవాబులో మొదటి వాక్యాన్ని మళ్లీ చూడండి. "అందరం" అనడంతో తనకు ముందే తెలియదని చెప్పినట్టయింది, అది అబద్ధం. స్పెల్ కింద ఆ వాక్యం అతని నోట రాదు. రెండో వాక్యం ఒక్కటే రావాలి. రాసుకున్న ప్రతి మాటనూ ఇలా జల్లెడ పట్టాలి. ప్లేయర్ "అవునా, కాదా" అని నిలదీస్తే కోశాధికారి నోరు మూసుకుంటాడు. అనుమానం గట్టిపడుతుంది గానీ సభకు చూపించే సాక్ష్యం దొరకదు. ఇక అక్కడి నుంచి అసలు దర్యాప్తు.

మోసపోయిన సాక్షినీ మర్చిపోవద్దు. తాను నమ్మినది చెబుతున్నాడు కాబట్టి తప్పు సమాచారాన్ని కూడా తడబడకుండా చెప్పగలడు.

సమస్య: డిటెక్ట్ థాట్స్‌తో మొత్తం పథకం చదివేశారు

మొదట తెలిసేది పైపై ఆలోచనలే, అంటే ఆ క్షణాన మనసులో తిరుగుతున్నది. దానికి సేవ్ లేదు. లోతుకు వెళ్లాలంటే ఒక యాక్షన్ (ఆ టర్నులో చేసే ప్రధాన పని), ఎదుటివారికి విజ్డమ్ సేవ్. నెగ్గినా తప్పినా తన మనసులోకి ఎవరో దూరారని వారికి తెలిసిపోతుంది. నెగ్గితే స్పెల్ ముగుస్తుంది. కాన్సంట్రేషన్‌తో (వేసినవారి ఏకాగ్రత చెదరనంతవరకు) ఉండేది ఒక్క నిమిషమే కాబట్టి బయట వేసుకుని నెమ్మదిగా లోపలికి నడిచొస్తే సగం అయిపోతుంది.

పైపై ఆలోచనలను వాక్యాలుగా కాక ముక్కలుగా ఇవ్వండి: "వెండి గిన్నె... వాడు నోరు విప్పకూడదు... ఈమె ఎందుకిలా చూస్తోంది." అయితే ప్రశ్న అడిగితే ఆలోచన అటు మళ్లుతుందని స్పెల్‌లోనే ఉంది. తెలివిగా అడిగిన ప్లేయర్‌కు అసలైన ముక్క దక్కాలి.

సమస్య: శవమే హంతకుడి పేరు చెప్పేసింది

శవాన్ని మాట్లాడించే స్పీక్ విత్ డెడ్‌కు ఐదు ప్రశ్నలు. శవానికి నోరు ఉండాలి. బతికుండగా తెలిసినదే చెబుతుంది, అదీ పొడి మాటల్లో, పొడుపు కథలా. అడిగేవారిని శత్రువుగా గుర్తిస్తే నిజం చెప్పాలన్న నిర్బంధమూ లేదు. వెనక నుంచి పొడిచినవాడి ముఖం శవానికి తెలియదు. డిస్‌గైజ్ సెల్ఫ్‌తో రూపం మార్చుకుని వచ్చినవాడి గురించి అడిగితే వేరొకరి పేరు చెబుతుంది.

చాలామంది గమనించని షరతు ఇంకోటి ఉంది: గత 10 రోజుల్లో ఈ స్పెల్ పడిన శవం మీద అది మళ్లీ పనిచేయదు. కుట్రలో భాగమైన ప్రధాన పూజారి మొదటి రోజే "అధికారిక విచారణ" జరిపి, ఐదు పనికిరాని ప్రశ్నలు అడిగి దారి మూసేయొచ్చు. ప్లేయర్లకు ఆ ఐదు ప్రశ్నల చిట్టా దొరికిందంటే అదే గొప్ప ఆధారం.

చనిపోయినవారిని బతికించే రెయిజ్ డెడ్‌కూ గడువు 10 రోజులే, 500 బంగారు నాణేల వజ్రం కావాలి. తల లేకపోతే ఆ స్పెల్ విఫలమవుతుంది. జాగ్రత్త తెలిసిన హంతకుడు తల ఎందుకు పట్టుకెళ్తాడో ఇప్పుడు అర్థమవుతుంది, ఒకే దెబ్బకు రెండు స్పెల్స్ పోతాయి.

సమస్య: చార్మ్ పర్సన్ వేసి తాళాలు తీసుకున్నారు, తర్వాత ఏమీ కాలేదు

చార్మ్ అయినవాడు మిమ్మల్ని స్నేహంగా ఉండే పరిచయస్తుడిలా చూస్తాడు. పరిచయస్తుడికి ఎవరూ ఖజానా తాళాలు ఇవ్వరు. గంట తర్వాత స్పెల్ దిగగానే, ఎవరు చార్మ్ చేశారో అతనికి తెలుస్తుంది. ఆ రోజు సాయంత్రమే ఫిర్యాదు వెళ్లాలి. సలహా ఇచ్చి దాని ప్రకారం నడిపించే సజెషన్‌లో అలా తెలుస్తుందని రాయలేదు, అందుకే కుట్రలకు అది ఎక్కువ ప్రమాదకరం. దాన్ని కనిపెట్టడానికి మిగిలేది మంత్రం విన్న సాక్షులే. చెప్పే సలహా వేరు, చదివే మంత్రం వేరు.

సమస్య: అన్నిటికీ అడ్డు పెట్టేసరికి "మా స్పెల్స్ దండగ" అంటున్నారు

వాళ్లు అంటున్నది నిజమే. స్లాట్ (లెక్కగా ఉండే స్పెల్ అవకాశం) ఖర్చుపెట్టి ఏమీ దక్కకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. విలన్ వేలికి మనసు చదవనివ్వని రింగ్ ఆఫ్ మైండ్ షీల్డింగ్ ఒక్కసారి పెట్టండి, ప్రతి విలన్‌కూ వద్దు. ఇక పెట్టిన ప్రతి రక్షణకూ ఒక జాడ ఉంచండి. మంత్రాలతో కనిపెట్టనివ్వని నాన్‌డిటెక్షన్‌కు 8 గంటలకోసారి 25 బంగారు నాణేల వజ్రపు పొడి కావాలి, అంటే రోజంతా కాపాడుకోవాలంటే 75. అమ్మేవాడి పద్దులో అది కనిపిస్తుంది. సన్నటి సీసపు రేకు మంత్రశక్తి ఉనికిని పసిగట్టే డిటెక్ట్ మ్యాజిక్‌ను అడ్డుకుంటుంది గానీ, ఆ రేకు గోడకు కొట్టిన కూలీలు ఉంటారు. మంత్రశక్తి ఉనికిని తప్పుగా చూపించే మ్యాజిక్ ఆరా శాశ్వతం కావాలంటే 30 రోజులు రోజూ వేయాలి, ఆ నెలంతా ఆ గదిలోకి వెళ్లొచ్చిన మాంత్రికుడిని నౌకర్లు చూసే ఉంటారు.