సర్ఫేస్ అన్నచోటల్లా ఉపరితలమేనా?

ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ముందు ఇది చూసుకోండి: అక్కడ సర్ఫేస్‌ని కొలుస్తున్నారా, తాకుతున్నారా, పైకి కనబడేదాని గురించి చెబుతున్నారా? దాన్నిబట్టే మాట మారుతుంది.

లెక్కల్లో "తలం" ఉండాల్సిందే. 5 సెం.మీ. భుజం గల సమఘనానికి ప్రక్కతల వైశాల్యం 4 × 25 = 100 చ.సెం.మీ., సంపూర్ణతల వైశాల్యం 6 × 25 = 150. రెండుచోట్లా "ఉపరితల వైశాల్యం" అనేస్తే, పైముఖం, అడుగుముఖం కలపాలో వద్దో తెలియక పిల్లలు ఆ 50 దగ్గరే తప్పుతారు. భౌతికశాస్త్రంలో సర్ఫేస్ టెన్షన్ తలతన్యత. అక్కడ "ఉపరి" అక్కర్లేదు.

నీళ్ల దగ్గర తికమక ఎక్కువ. నాగావళి, వంశధారల్లో పారేది ఉపరితల జలం, బోరులో పడేది భూగర్భ జలం. "ఉపరితల నీళ్లు" అంటే సంస్కృతం మాటకు తెలుగు మాట అతికించిన వైరి సమాసం. తాటిపూడి జలాశయం నిండుతుంటే పెరిగేది నీటిమట్టం, పరుచుకునేది నీటి విస్తీర్ణం. "నీటి ఉపరితలం పెరిగింది" అని రాస్తే ఏది పెరిగిందో తేలదు.

అన్నిటికన్నా చిక్కు వాన కబుర్లలో. బంగాళాఖాతంలో "ఉపరితల ఆవర్తనం" అని పేపర్లో చూసి కళింగపట్నం తీరంలో చాలామంది సముద్రం మీద సుడి అనుకుంటారు. ఇంగ్లీషు బులెటిన్లో ఉన్నది అప్పర్ ఎయిర్ సైక్లోనిక్ సర్క్యులేషన్, అంటే సముద్రమట్టానికి 1.5 కి.మీ., ఒక్కోసారి 5.8 కి.మీ. ఎత్తు దాకా గాలి సుడి తిరగడం. "ఉపరి" అంటే పైన కాబట్టి ఆ మాట చెల్లుబాటయింది. తిరిగి ఇంగ్లీషు చేసేటప్పుడు మాత్రం అక్కడ సర్ఫేస్ రాయకూడదు.

లాటిన్‌లోనూ ఇదే పొత్తు: సూపర్ అంటే పైన, ఫేసియెస్ అంటే రూపం, ముఖం, కలిపితే సూపర్‌ఫిసియెస్. ఫ్రెంచివాళ్లు ఆ నమూనాలోనే తమ మాట కట్టుకున్నారు, ఇంగ్లీషుకి అది అక్కణ్నుంచి వచ్చింది. పలకడం "సర్ఫిస్", మనం రాసేదే సర్ఫేస్.

తెలుగులో సమాసం చేస్తే చివరి సున్న పోతుంది: ఉపరితల ఉష్ణోగ్రత. విడిగా అయితే ఉపరితలానికి, ఉపరితలాలు. "ఉపరితలం పైభాగం" అంటే ఒకే మాట రెండుసార్లు చెప్పడం.

ఇక వాడుకలో ఆ మాట దాదాపు అక్కర్లేదు. పెయింటు డబ్బా మీద "ఉపరితలాన్ని శుభ్రపరచండి" అని ఉంటుంది. మేస్త్రీ గోడ దులపమంటాడు. టెక్కలి గ్రానైట్ పలకకు పాలిష్ పట్టింది పైవైపు. విభేదాలు "ఉపరితలానికి రావు", బయటపడతాయి. సూపర్‌ఫిషియల్ చదువు పైపై చదువే.