సున్నం తెలిసిన మేస్త్రిని ఎంచుకోవడం ఎలా?

అమలాపురం దగ్గర మా తాతగారు కట్టించిన మండువా లోగిలి ఇటుకా, సున్నంతో కట్టినది. పదేళ్ల కిందట పడమటి గోడ అడుగున పూత రాలుతుంటే, దొరికిన తాపీ మేస్త్రిని పిలిచి సిమెంటు పూయించాను. రెండు వానాకాలాలు గడిచేసరికి అది పలకలు పలకలుగా ఊడింది. దాంతోపాటు ఇటుకల ముఖాలూ ఊడివచ్చాయి. వేలితో గీస్తే ఎర్రటి పొడి, దాని మీద తెల్లటి ఉప్పు. నేలలోంచి ఎక్కే చెమ్మ అంతకుముందు సున్నం గుండా ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. చెమ్మ ఇటుకలోనే నిలిచి, అందులోని ఉప్పు గడ్డకట్టి, ఇటుకను లోపలినుంచి పగలగొట్టింది.

అందుకే, మేస్త్రి మీ గోడ దగ్గరికి రాగానే ఏం చేస్తాడో చూడండి. చదరపు అడుగుకు ఇంత అని వెంటనే లెక్క చెప్పేవారు వద్దు. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయో, పెరట్లో మట్టి పేరుకుని గోడ మీదికి ఎక్కిందో చుట్టూ తిరిగి చూసేవారు కావాలి. మాకు చివరికి గుడి పనులు చేసిన ఒక పెద్దాయన దొరికారు. గోడకు చెవి ఆనించి, వేలి కణుపులతో తట్టుతూ, బోలుగా మోగినచోటల్లా బొగ్గుతో గీత గీశారు. ఆ పూట ఆయన పూత మాటే ఎత్తలేదు.

తర్వాత సున్నం ఎన్నాళ్లు నానబెడతారని అడగండి. కాల్చిన సున్నపురాయి నీళ్లలో పడగానే బుసబుసా పొంగుతుంది. చల్లారాక జల్లెడపట్టి కనీసం రెండు వారాలు నీటి కింద ఉంచాలి. నానని పలుకులు మిగిలితే పూత వేశాక పొంగి గుంటలు పడతాయి. ఉదయం కలిపి సాయంత్రానికి పూసేస్తామంటే ఒప్పుకోవద్దు. సున్నంలో కలిపే ఇసుక, సుర్కీ (ఇటుక పొడి) పాళ్లు, కరక్కాయ, బెల్లం నీళ్ల సంగతి కూడా ఆయన నోటే చెప్పించండి. ఇటుకల సందుల్లో పాత గచ్చు తీయడానికి గ్రైండర్ తేనివ్వకండి, ఇటుక అంచులు తెగిపోతాయి. ఉలీ, సుత్తీ చాలు. సందు వెడల్పుకు రెండింతల లోతు తీస్తేనే కొత్త గచ్చు పట్టుకుంటుంది.

హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో సిమెంటు పూతలు తీసేసి మళ్లీ సున్నమే వేశారు. గుళ్లు, కోటల దగ్గర అలాంటి పనిలో చేయి తిరిగినవారిని వాకబు చేయండి. వారు చేసిన గోడల్లో కనీసం మూడు వానాకాలాలు చూసినదాన్ని స్వయంగా తాకి చూడండి. మీ ఇంట్లో ముందు మూడడుగుల ముక్క మాత్రమే చేయించి నెల్లాళ్లు ఆగండి.

కూలి రోజువారీగా మాట్లాడుకోవడం మేలు. గుత్తకు ఇస్తే తొందర మొదలవుతుంది, సున్నానికి తొందర పనికిరాదు. పని కార్తీకం నుంచి మాఘం మధ్య పెట్టుకోండి. తడి గోనెలు కట్టి వారం పైగా పూతను ఆరకుండా కాపాడే పని ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి. మా ఇంట అది నా వంతుకు వచ్చింది. పొద్దున, మధ్యాహ్నం, దీపాలవేళ మూడుసార్లు నీళ్లు చల్లాను.