పాత ఇంటి సందుగ, పట్టె మంచం పాడవకుండా కాపాడుకోవడం ఎలా?

ఊళ్లో పాత ఇల్లు విప్పుతున్నారని తెలిస్తే చాలు, పాత కర్ర కొనేవాళ్లు వాకిట్లో వాలిపోతారు. దర్వాజలు, దూలాలు, స్తంభాలు బేరం చేసుకుని, పోతూ పోతూ లోపలున్న సందుగనూ (మూత ఉన్న పెద్ద కర్ర పెట్టె) పట్టె మంచాన్నీ కూడా కర్ర లెక్కనే కట్టి తీసుకుపోతారు. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ పల్లెల్లో ఇట్లా పోయిన సామాను చాలా ఉంది. నాకు అంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి. అమ్మకుండా ఉంచుకున్నవాళ్లు కూడా దాన్ని గీకించి, వార్నిష్ కొట్టించి, తాతల నాటి సందుగను మొన్న షోరూంలో కొన్నట్టు చేసేస్తున్నారు. వాళ్లది మంచి ఉద్దేశమే, కానీ ఒకసారి గీకేసిన పైపొర మళ్లీ రాదు. అందుకే ఏ పని ముందు చేయాలో, దేని జోలికి అసలు పోకూడదో వరుసగా చెబుతాను.

ముందు ఒక్క మాట. మన వైపు మంచి కర్ర సామాను ఎక్కువగా మూడు రకాల ఇళ్ల నుంచి వచ్చింది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల భవనాలు ఒకటి. ఊళ్లలోని దేశ్‌ముఖుల (దొరల) గడీలు, అంటే కోటల్లాంటి పెద్ద ఇళ్లు, రెండోది. పట్వారీల (ఊరి భూమి లెక్కలు రాసేవాళ్లు), షావుకార్ల ఇళ్లు మూడోది. 1949లో జాగీర్లు (నిజాం కొందరికి రాసిచ్చిన ఊళ్లు) రద్దయ్యాక చాలా పెద్ద కుటుంబాలు పట్నం, అంటే హైదరాబాద్ చేరాయి. వనపర్తి రాజమహల్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది. భవనాలు నిలిచాయి గానీ, అక్కడ ఒకప్పుడు వాడిన మంచాలు, బల్లలు ఉన్నచోటే చూద్దామంటే కుదరదు. మిగిలింది మన ఇళ్లలో ఉన్నదే. శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్ల జనం ఇళ్లు విప్పుకుని తెచ్చుకున్న తలుపులు, పెట్టెలు కొల్లాపూర్, అలంపూర్ వైపు ఇప్పటికీ కనిపిస్తాయి. మీ ఇంట్లో ఉన్నది అలాంటిదే కావచ్చు.

1. గుడ్డ పట్టుకునే ముందు పెన్ను పట్టుకోండి

వస్తువు ఎట్లా ఉందో అట్లాగే ఫోన్‌లో ఫొటోలు తీయండి. ముందు, వెనక, అడుగు, సొరుగుల లోపల, గొళ్లెం, విరిగిన చోటు, ఏదీ వదలొద్దు. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఇది ఎవరి పెళ్లికి వచ్చింది? ఏ ఊరి నుంచి తెచ్చారు? చేసిన వడ్లాయన (వడ్రంగి) ఏ ఊరివాడు, ఆయన పేరేమిటి? కర్ర ఎక్కడిది? నల్లమల నుంచి వచ్చిందా, పట్నంలో కొన్నదా? ఈ జవాబులు తెలిసినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు కాబట్టి ఈ పనిని మాత్రం వాయిదా వేయొద్దు.

గడీల సామాను అయితే ఇంకో ప్రశ్న కూడా అడగాలి. చేసినవాళ్లకు కూలి ఇచ్చారా? వెట్టి రోజుల్లో వడ్ల, కమ్మరి కులాలవాళ్లు దొరల ఇళ్లకు ఊరికే పని చేసిపెట్టాల్సి వచ్చేది. నగిషీ చెక్కిన మంచం చూసి దొరగారి అభిరుచి అని మురిసిపోతాం, ఆ ఉలి పట్టిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. పేరు తెలిస్తే రాయండి. తెలియకపోతే ఫలానా ఊరి వడ్లవాళ్లు చేశారని అయినా రాయండి. ఆ కాగితాన్ని మడిచి ఒక కవర్లో పెట్టి వస్తువుతోనే ఉంచండి.

సందుగల అడుగున పరిచిన పాత కాగితాలను చెత్త అనుకుని పారేయకండి. పట్వారీ ఇళ్ల పెట్టెల్లో ఉర్దూ కాగితాలు, స్టాంపు పత్రాలు దొరకొచ్చు. హైదరాబాద్ రాజ్యంలో అధికార భాష ఉర్దూ, కాగితాల మీద వేసేది ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అక్కడి ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి జనవరి తర్వాతి నెలలకు 591 కలపాలి. జాగీర్ల రద్దు చట్టం మీద ఉన్న 1358 ఫసలీ అంటే 1948-49 అన్నమాట. పెట్టె ఏ కాలానిదో ఆ కాగితం ఒక్కటే చెప్పదు, పాత పెట్టెలో కొత్త కాగితం పరిచి ఉండొచ్చు కదా. కానీ ఆ ఏటికి ఆ పెట్టె ఇంట్లో వాడుకలో ఉందనడానికి అది ఒక ఆనవాలు.

2. తిరగేసి చూడండి

పైభాగం చూసి వయసు చెప్పడం కష్టం. మెల్లగా పక్కకు వంచి అడుగు చూడండి. అక్కడ పాలిష్ ఉండదు, కర్ర అసలు రంగు కనిపిస్తుంది. టేకు లేత గోధుమ రంగులో, కాస్త జిడ్డు తగిలినట్టు ఉంటుంది, దాని వాసన ప్రత్యేకంగా ఉంటుంది. జిట్రేగి (ఇరుగుడు అని కూడా అంటారు) బరువుగా, ఊదా కలిసిన ముదురు రంగులో ఉంటుంది. కర్ర ఏదో తెలుసుకోవడానికి ఉప్పు కాగితంతో రుద్ది చూడటం మాత్రం వద్దు.

అతుకులు చూడండి. పాత పనిలో ఒక చెక్క కొసను సన్నగా చెక్కి, ఇంకో చెక్కకు తొలిచిన బెజ్జంలో దింపి, అడ్డంగా కర్ర చీల కొట్టేవారు. మేకులు, స్క్రూలు ఉంటే వాటినీ గమనించండి. తలమీద ప్లస్ గుర్తు ఉన్న స్క్రూలు 1930ల తర్వాతే మార్కెట్లోకి వచ్చాయి. అవి కనిపిస్తే వస్తువు కొత్తదైనా అయి ఉండాలి, మధ్యలో ఎవరైనా బాగుచేయించైనా ఉండాలి. ప్లైవుడ్ వెనక పలక కూడా అంతే. రంపం గీతలు తిన్నగా, ఎగుడుదిగుడుగా ఉంటే చేతి రంపంతో కోసినట్టు, వంపు గీతలు ఉంటే మిషన్ మీద కోసినట్టు. కొందరు వ్యాపారులు చేతి రంపం గీత చూపించి నూటయాభై ఏళ్ల నాటిదని చెబుతారు. మన పల్లెల్లో చేతి రంపాలు నిన్నమొన్నటి దాకా ఆడాయి, కాబట్టి ఆ గీతను బట్టి కాలం తేల్చలేం.

నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష టేపుతో కొలవడం. కర్ర ఏళ్లు గడిచేకొద్దీ పొర వెంట (కర్రలో నిలువుగా కనిపించే గీతల వెంట) దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. అందుకే గుండ్రంగా చేసిన పాత బల్ల ఇప్పుడు నిజానికి గుండ్రంగా ఉండదు. అలాంటి బల్లను పొర వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. కొంచెమైనా తేడా రావాలి. రెండూ అచ్చంగా సమానమైతే అనుమానించాల్సిందే. అరుగుదల కూడా చూడండి. ఆరాం కుర్చీ చేతులు, సొరుగు అడుగు పట్టీలు, బల్ల కింద కాళ్లు ఆనించే కర్ర, మనుషులు తాకే చోట్లే అరగాలి. అన్ని చోట్లా ఒకేలా అరిగి ఉంటే ఎవరో పనిగట్టుకుని అరగదీసినట్టే.

3. పుచ్చు ఉందా, చెద ఉందా తేల్చుకోండి

ఈ రెండూ వేరు. పుచ్చు పట్టిన కర్రకు సూది మొనంత బెజ్జాలు ఉంటాయి, వాటి కింద సన్నటి పిండి రాలుతుంది. చెద అయితే గోడ మీద, కాళ్ల వెంట మట్టి దారులు కడుతుంది.

బెజ్జాలు కనిపించగానే టెన్షన్ పడొద్దు. అవి పురుగు ఎప్పుడో బయటికి వెళ్లిపోయిన గుర్తులు కావచ్చు. వస్తువును మిగతా సామానుకు దూరంగా పెట్టి, కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు చూడండి. తాజా పిండి రాలితే పురుగు బతికే ఉంది. అప్పుడు పాలిష్ లేని లోపలి వైపు నుంచి, పుచ్చు మందును సిరంజితో ఒక్కో బెజ్జంలోకి ఎక్కించి, ప్లాస్టిక్ షీటుతో గట్టిగా చుట్టి కొన్నాళ్లు ఉంచాలి. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వొద్దు. కిరోసిన్ పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. వాసన వదలదు, అగ్గి భయం ఉంటుంది, లోపలి పురుగు చస్తుందన్న భరోసా లేదు. పురుగు చస్తుందని మే నెల ఎండలో పెట్టడం ఇంకా పెద్ద తప్పు. కర్ర నిట్టనిలువునా పగులుతుంది.

చెద పడితే వస్తువుకు మందు కొట్టి ఊరుకుంటే లాభం లేదు. అది నేల నుంచి, గోడ నుంచి వస్తుంది, ఇంటికే వైద్యం చేయించాలి. టేకు చేవను (లోపలి గట్టి కర్రను) చెద అంత తేలిగ్గా ముట్టదు. బయటి తెల్లకర్రను మాత్రం వదలదు.

4. శుభ్రం చేయడం

మెత్తటి బ్రష్షు, పాత నూలు గుడ్డ, ఓపిక. నగిషీల సందుల్లో దుమ్ము బ్రష్షుతో దులిపి, పొడి గుడ్డతో తుడవండి. చాలా వస్తువులకు ఇక్కడితో ఆపేయొచ్చు.

జిడ్డు పేరుకుంటే, ఒక్క చుక్క మెత్తటి సబ్బు కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి గట్టిగా పిండి, కనిపించని మూల ముందు తుడిచి చూడండి. రంగు దిగకపోతే ముందుకు వెళ్లండి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. మన జిల్లాల్లో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, ఆరాక కర్ర మీద తెల్లటి చారలు మిగులుతాయి. తాగే ఫిల్టర్ నీళ్లు లేదా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి.

పాత పాలిష్ ఏదో తెలుసుకోవాలంటే దూది మీద కొంచెం స్పిరిట్ వేసి, మూల ఒక చుక్కంత చోట అద్దండి. జిగటగా మారితే అది లక్క పాలిష్, మన వడ్లవాళ్లు స్పిరిట్ పాలిష్ అనేది ఇదే. దాన్ని గీకి తీయాల్సిన పని లేదు, తెలిసిన మేస్త్రీ దాని మీదే పల్చగా మరో చేయి వేసి తేట చేయగలడు.

మెరుపు కోసం కొబ్బరి నూనె రాయడం చూస్తుంటాను. నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత జిగురై దుమ్మంతా పట్టుకుంటుంది. తేనె మైనం వాడండి. నల్లమలలో చెంచులు తేనె తీసే ప్రాంతం మనది, అచ్చంపేట వైపు అడిగితే కల్తీ లేని మైనం దొరికే అవకాశం ఉంది. ఒక వంతు మైనాన్ని తురిమి, మూడు వంతుల టర్పెంటైన్‌లో వేసి, మూత పెట్టి రెండు మూడు రోజులు నీడలో ఉంచితే మెత్తటి ముద్దవుతుంది. పొయ్యి దగ్గరికి తీసుకుపోవద్దు, టర్పెంటైన్ భగ్గుమంటుంది. చాలా పల్చగా రాసి, కాసేపాగి మెత్తటి గుడ్డతో రుద్దండి. ఏడాదికి ఒకసారి చాలు.

ఇత్తడి బిళ్లలు, గొళ్లేలు ఉంటే చింతపండుతో తోమొద్దు. పులుపు చుట్టూ ఉన్న కర్రలోకి దిగి మచ్చ పడుతుంది. పొడి గుడ్డ చాలు.

5. బాగుచేయించడం, అదీ అవసరమైతేనే

వానాకాలంలో సొరుగు బిగుసుకుపోతుంది, తలుపు పట్టేస్తుంది. వెంటనే చిత్రిక పట్టించేవాళ్లు ఉన్నారు. గాలిలో తేమకు కర్ర ఉబ్బింది, ఎండాకాలానికి అదే వదులవుతుంది. చిత్రిక పట్టినది మార్చిలో లొడలొడలాడుతుంది. మైనం ముక్కను సొరుగు అంచులకు రుద్ది, ఎండలు వచ్చేదాకా ఆగండి.

అతుకు నిజంగా ఊడితే, పాత పని తెలిసిన వడ్లాయనను వెతకండి. ఆయనకు ముందే మూడు మాటలు చెప్పండి: మేకు కొట్టొద్దు, పాత చెక్క పారేయొద్దు, మళ్లీ విప్పుకోగలిగేలా అతకాలి. పూర్వం సరేసు వాడేవారు, పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన బంక అది. వేడి నీటి తడి తగిలితే వదులుతుంది కాబట్టి రేపు ఇంకొకరు మళ్లీ విప్పి సరిచేయగలరు. కొత్త ముక్క అతకాల్సి వస్తే పాత దర్వాజల టేకు వెతికి తేవడం మేలు, ఆ ముక్క వెనక పెన్సిల్‌తో తేదీ వేయించండి. నవారు, పేము అల్లిక చిరిగితే కొత్తది వేయించుకోవడంలో తప్పేమీ లేదు, అవి మొదటి నుంచీ మార్చుకునేవే.

6. ఎక్కడ పెట్టాలి

కిటికీ ఎండ నేరుగా పడకూడదు. గోడకు జానెడు దూరం ఉండాలి, ముఖ్యంగా నిమ్ము ఎక్కే పాత సున్నం గోడలకు. షాబాద్ బండల నేల మీద వానాకాలంలో చెమ్మ వస్తుంది, సామాను కాళ్ల కింద సన్నటి చెక్క బిళ్లలు పెట్టండి. మన వైపు అందరూ మరిచేది కూలర్. ఎండాకాలం పగలంతా తడిగాలి కర్రకు ఎదురుగా కొట్టి, రాత్రి కరెంటు పోగానే ఎండిపోతుంటే అతుకులు కదులుతాయి. కూలర్ మొహం ఇంకో వైపు తిప్పండి.

7. చూడటం, కొనడం

కొనడానికి ముందు కళ్లు అలవాటు పడాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ టిప్పు సుల్తాన్‌కు ఇచ్చాడని చెప్పే దంతపు కుర్చీలు ఉన్నాయి. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా రెండు అంతస్తుల్లో హాలు పొడవునా ఉంటుంది, పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే కర్ర లిఫ్టు కూడా ఉంది. మహబూబ్‌నగర్‌కు పేరు వచ్చింది ఆయన వల్లే. చౌమహల్లా ప్యాలెస్ కూడా చూడండి. శుక్రవారం మాత్రం వెళ్లొద్దు, సాలార్‌జంగ్, చౌమహల్లా రెండూ ఆ రోజు మూసి ఉంటాయి. వెళ్లినప్పుడు మెరుపు చూసి ఆగిపోకుండా, వంగి కాళ్లు, అతుకులు చూడండి.

పట్నంలో గురువారం జుమ్మెరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత పాత సామానుకు పేరున్నవి. అక్కడ వయసు గురించి చెప్పే మాటలు నమ్మకుండా, పైన చెప్పినట్టు తిరగేసి, కొలిచి చూడండి. పల్లెలో ఏ ముసలావిడ దగ్గరో కొంటుంటే, అది టేకు అనో, జిట్రేగి అనో ముందు ఆమెకు చెప్పి, ఆ తర్వాతే ధర మాట్లాడండి. తెలియనివాళ్ల దగ్గర కర్ర ధరకు కొని పట్నంలో పదింతలకు అమ్మేవాళ్లను నేను సేకరణకర్తలని అనలేను.

చట్టం కూడా గుర్తుంచుకోండి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాత్మక వస్తువులు పురావస్తువుల కిందికి రావచ్చు, అలాంటివాటిని సొంతంగా దేశం దాటించడం నేరం. అమెరికాలో ఉన్న కొడుకుకు తాతగారి నగిషీ పెట్టె పంపాలనుకుంటే ముందు పురావస్తు శాఖ నిపుణులకు చూపించాలి. దంతం పొదిగిన వస్తువు ఎవరైనా అమ్మజూపితే చేయి పెట్టొద్దు, ఏనుగు దంతం వ్యాపారం మన దేశంలో నిషేధం. ఏది కొన్నా రసీదు తీసుకోండి, దాని మీద అమ్మినవాళ్ల ఊరు, వస్తువు ఏ ఇంటి నుంచి వచ్చిందో రాయించుకుని, మొదట చెప్పిన కవర్లోనే పెట్టండి.